రహీం సాబ్ జట్టు

ఢిల్లీ. 1950. డ్యూరాండ్ కప్ ఫైనల్.

ఒకవైపు మోహన్ బగాన్. 1889లో కలకత్తాలో పుట్టిన క్లబ్బు. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిన నాటి నుంచీ బెంగాలీలు ప్రాణంగా చూసుకుంటున్న జట్టు.

రెండోవైపు హైదరాబాద్ సిటీ పోలీస్. ఈ పదకొండు మందికీ జీతం వచ్చేది పోలీసు ఉద్యోగానికే. ఫుట్‌బాల్ వాళ్ళకు కూడు పెట్టే వృత్తి కాదు. యూనిఫాం విప్పాక ఆడుకునే ఆట.

డ్యూరాండ్ 1888లో సిమ్లాలో మొదలైంది. దశాబ్దాలపాటు ఆ కప్పు బ్రిటిష్ పటాలాల చేతుల్లోనే తిరిగింది. 1940లో మొహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచేదాకా భారతీయ జట్టు ఏదీ దాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, దేశ విభజన వచ్చింది, పోటీలు ఆగిపోయాయి. స్వతంత్రం వచ్చాక మళ్ళీ జరుగుతున్న తొలి డ్యూరాండ్ ఇది. ఎవరు గెలిచినా చరిత్రే.

హైదరాబాద్ పేరుకు అప్పుడు ఇంకో బరువు కూడా ఉంది. సైనిక చర్య జరిగి, 1948 సెప్టెంబరు 17న సంస్థానం భారత యూనియన్‌లో కలిసి అప్పటికి రెండేళ్ళే. నిజాం, రజాకార్లు, పోలీసు చర్య... దేశంలో మిగతా వాళ్ళకు హైదరాబాద్ గురించి పత్రికలు చెప్పిన మాటలివే. ఇప్పుడు అదే ఊరి పోలీసులు బంతి పట్టుకుని రాజధానికి వచ్చారు.

తొలి పోరు సమంగా ముగిసింది. కలకత్తా జట్టును నిలువరించడమే గొప్ప అనుకుని ఇంటిదారి పట్టే జట్టు కాదిది. ఫైనల్ మళ్ళీ ఆడించారు. ఈసారి ఒకే ఒక్క గోలు. 1-0. డ్యూరాండ్ కప్పు హైదరాబాద్ రైలెక్కింది.

ఈ గెలుపు వెనుక ఒక బడిపంతులు ఉన్నాడు.

కాచిగూడ బడిలో మాస్టారు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. తర్వాత స్థానిక లీగులో పేరున్న కమర్ క్లబ్‌కు ఆడారు. బతుకుతెరువుకు మాత్రం బడిపంతులు ఉద్యోగమే. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు... ఎక్కడ పాఠం చెప్పినా ఆటల బాధ్యత ఆయన మీదే పడింది. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు.

ఆయన గొప్పతనానికి పునాది ఆ బళ్ళలోనే ఉంది. పుట్టుకతో ఆట వచ్చిన పిల్లవాడితో పాటు, కాళ్ళు తడబడే పిల్లవాడికి కూడా మాస్టారు ఆట నేర్పాలి. ఎందుకు తప్పు జరిగిందో చెప్పాలి. రేపు ఆ తప్పు జరగకుండా ఏం చేయించాలో ఆలోచించాలి. చాక్‌పీసుతో నల్లబల్ల మీద అలవాటైన ఆ పద్ధతినే రహీం మైదానంలోకి తెచ్చారు.

పోలీసు జట్టు అప్పటికే ఉంది. 1939లో సిటీ ఆఫ్ఘన్స్ పేరుతో మొదలైంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడిందీ ఆ ఏడాదే. 1943లో ఈ పోలీసు జట్టు బెంగళూరు వెళ్ళి, ఆష్ గోల్డ్ కప్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించి వచ్చింది. ఆ సంవత్సరమే రహీం అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. ప్రాణం ఉన్నంతకాలం ఆ బాధ్యతను వదల్లేదు. 1950లో పోలీసు జట్టుకు శిక్షకుడిగా కూడా వచ్చారు.

అలా ఒకే మనిషి చేతిలో మూడు పనులు పడ్డాయి. బడిలో పిల్లలకు నేర్పేది ఆయనే, ఊళ్ళో లీగు నడిపేది ఆయనే, ఊరి పెద్ద జట్టును తీర్చిదిద్దేదీ ఆయనే. ఏ గల్లీలో ఏ కుర్రవాడి ఎడమ కాలు బాగుందో రహీం సాబ్‌కు తెలుసు. ఆ కుర్రవాడు మూడేళ్ళ తర్వాత ఏ జట్టులో ఏ స్థానంలో ఆడాలో కూడా ఆయన మనసులో ఉండేది.

బంతి కాలి దగ్గర ఆగకూడదు

ఆ కాలంలో మన దేశంలో ఆట చాలావరకు బ్రిటిష్ సైనికుల దగ్గర నేర్చుకున్నదే. బంతిని దూరంగా తన్నడం, దాని వెంట పరుగెత్తడం, భుజబలంతో తోసుకుపోవడం. మన ఆటగాళ్ళకు అంత ఒడ్డూ పొడుగూ లేదు. చాలామందికి బూట్ల అలవాటు కూడా లేదు. బలంతో బలానికి ఎదురెళ్తే ఓడిపోతామని రహీం గ్రహించారు. బంతి వేగంగా చేతులు మారినట్టు కాళ్ళు మారితే, ఎంత బలవంతుడైనా దాని వెంట పరుగెత్తి అలిసిపోవాల్సిందే.

దానికి ఆయన కనిపెట్టిన మార్గం ఉపన్యాసం కాదు, పోటీ. డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టారు. బంతి అందగానే వదిలేయాలి. వినడానికి తేలికే, ఆడితే తెలుస్తుంది కష్టం. బంతి వచ్చాక చుట్టూ చూస్తే ఆలస్యమైపోతుంది. రాకముందే తల ఎత్తి, మనవాడు ఎక్కడున్నాడో చూసి పెట్టుకోవాలి. బంతి లేనివాడు కూడా ఊరికే నిలబడితే కుదరదు, పాస్ అందుకోవడానికి ఖాళీలోకి జరుగుతూ ఉండాలి. ఒక్క నిబంధన పెట్టి పదకొండు మందికీ ఆలోచించడం నేర్పారు.

ఇంకో పోటీలో బలమైన కాలు వాడకూడదు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. మొదట్లో బంతి ఎటో పోతుంది, చూసేవాళ్ళు నవ్వుతారు. సీజను పూర్తయ్యేసరికి అదే కుర్రవాడు రెండు కాళ్ళతో కొట్టగలుగుతాడు. అతణ్ణి ఒక పక్కకు నెట్టి కట్టడి చేద్దామనుకునే ప్రత్యర్థికి ఇక దారి దొరకదు.

1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ ఆడిన 4-2-4 వ్యూహం లోకమంతా మోగిపోయింది. వెనుక నలుగురు, మధ్య ఇద్దరు, ముందు నలుగురు. అలాంటి ఆలోచనలతోనే రహీం అంతకుముందే ప్రయోగాలు చేశారని భారత ఫుట్‌బాల్ చరిత్ర చెబుతుంది. టీవీ లేని కాలం. విదేశీ ఆట చూడాలంటే ఓడెక్కాలి. చాదర్‌ఘాట్ మాస్టారు ఎప్పటికప్పుడు తెలుసుకుని, తన కుర్రవాళ్ళ మీద పరీక్షించి, పనికొచ్చింది నిలుపుకున్నారు.

బొంబాయిలో అయిదేళ్ళు

డ్యూరాండ్ గెలిచిన 1950లోనే ఈ జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలిచింది. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ గెలిచింది. 1952. 1953. 1954. వరుసగా అయిదేళ్ళు ఆ కప్పు హైదరాబాద్ పోలీసులదే.

నూర్ మహ్మద్, అజీజుద్దీన్, జమాల్, లాయక్, మొయిన్, సూసై, ప్యాట్రిక్... ఈ పేర్లను పక్కపక్కన చదివితే ఆ కాలపు హైదరాబాద్ కనిపిస్తుంది. పాతబస్తీ ముస్లిం కుటుంబాల పిల్లలు, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని తమిళ క్రైస్తవ ఇళ్ళ పిల్లలు ఒకే జెర్సీ వేసుకున్నారు. ఇళ్ళలో భాషలు వేరు, పండుగలు వేరు. మైదానంలో మాత్రం అందరిదీ ఒకటే మాట: పాస్ ఇవ్వు, ముందుకు కదులు.

పేదింటి కుర్రవాడికి పోలీసు ఉద్యోగం అంటే నెల నెలా జీతం. ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధీమా ఉంటేనే సాయంత్రం ఆట మీద మనసు నిలుస్తుంది. ఆట బాగా వచ్చినవాడిని ఉద్యోగంలోకి తీసుకోవడం, ఉద్యోగంలో ఉన్నవాడికి ఆడే వెసులుబాటు ఇవ్వడం... ఈ రెండూ కలిసినందుకే సిటీ పోలీస్ నిలబడింది. 1954లో, 1957లో మళ్ళీ డ్యూరాండ్ గెలిచింది. రాష్ట్రం మారి ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయ్యాక 1961లో నాలుగోసారి గెలిచింది. అప్పుడూ ఫైనల్లో ఓడింది మోహన్ బగానే. రోవర్స్ కప్పు మొత్తం తొమ్మిదిసార్లు ఈ జట్టు పేరు మీద నమోదైంది.

పోలీసు జట్టు గెలుస్తుంటే ఊరు ఊరంతా ఆటలోకి దిగింది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956లోనూ 1957లోనూ హైదరాబాద్‌దే.

సైకిలు మీద వచ్చిన కుర్రవాడు

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. తమిళ కుటుంబంలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం అక్కడ బంతి తంతూ పెరిగాడు. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసుల పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నాడు.

అతని ఆట రహీం కంట పడింది. హైదరాబాద్ వచ్చి సాధన చెయ్యమన్నారు. రోజూ అంత దూరం వచ్చిపోవడానికి తన దగ్గర డబ్బుల్లేవని కుర్రవాడు చెప్పుకున్నాడు. ఇంకెవరైనా అయితే మరొకణ్ణి వెతుక్కునేవారు. రహీం సాబ్ సైకిలు మీద రమ్మని, ఆ ఖర్చుకు రోజూ తానే డబ్బులిచ్చారు.

ఆ కొద్దిపాటి చిల్లర దేశానికి ఏం తెచ్చిపెట్టిందో చూడండి. 1956లో బలరాం హైదరాబాద్ తరఫున సంతోష్ ట్రోఫీ ఆడాడు. ఆ ఏడాది చివర మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్ అయ్యాడు. 1962లో ఆసియా స్వర్ణం, అర్జున పురస్కారం అందుకున్నాడు.

ఓటమి నుంచి మెల్‌బోర్న్ దాకా

దేశపు జట్టు బాధ్యత కూడా రహీం మీద పడింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద 1-0తో స్వర్ణం. మేవాలాల్ కొట్టిన గోలు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తుచేసింది. మనవాళ్ళలో చాలామంది ఆ చలిదేశంలో బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి.

1955 మొదట్లో సోవియట్ జట్టు మన దేశానికి వచ్చి వరుసగా గెలిచి వెళ్ళింది. సెప్టెంబరులో మాస్కోలో మనవాళ్ళు 11-1తో ఓడారు. సోవియట్ సహకారంతో భిలాయి ఉక్కు కర్మాగారం కట్టడానికి ఒప్పందం కుదిరిందీ ఆ సంవత్సరమే, ఫిబ్రవరి 2న. ఉక్కు ఎలా కాచాలో, బంతి ఎలా ఆడాలో రెండూ నేర్చుకోవాల్సిన దశలో ఉన్న కొత్త దేశం మనది.

మాస్కో ఓటమి తర్వాత ఏడాది పైచిలుకుకే మెల్‌బోర్న్. 1956 డిసెంబరు 1న సొంతగడ్డ మీద ఆడుతున్న ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు అదే. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 4-1తో, కాంస్యం కోసం జరిగిన పోరులో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. అజీజుద్దీన్, నూర్ మహ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, కణ్ణన్, బలరాం... ఆ బృందంలో హైదరాబాద్ ఆటగాళ్ళు ఇంతమంది. ఒక నగరపు లీగు దేశపు జట్టును మోసింది.

జకార్తా

1962. ఆసియా క్రీడలు. రహీంకు క్యాన్సర్. ఒళ్ళు సహకరించడం లేదు. అయినా జట్టుతో జకార్తా వెళ్ళారు.

అక్కడ గాలి మనకు వ్యతిరేకంగా వీస్తోంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పారు. జనం భగ్గుమన్నారు. భారత రాయబార కార్యాలయం మీదికి మూక వెళ్ళింది. మన ఆటగాళ్ళు ఎక్కడ కనిపించినా హేళనే.

తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. ఫైనల్లో మళ్ళీ ఎదురైంది ఆ దక్షిణ కొరియాయే.

ఫైనల్‌కు ముందు రాత్రి రహీం తన ఆటగాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. రేపు నాకొక కానుక కావాలి, ఆ స్వర్ణం గెలిచి ఇవ్వండి అని అడిగారని ఆ ఆటగాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మాస్టారు అడిగిన గురుదక్షిణ అది.

సెప్టెంబరు 4. దాదాపు లక్షమంది నిండిన స్టేడియం. మన జాతీయగీతం వినబడకుండా జనం ఈలలు వేశారు. మన తరఫున గొంతెత్తినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారు.

గోల్‌లో తంగరాజ్. ముందు వరుసలో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం. తలకు దెబ్బతగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం వెనక్కి పంపలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సాహసమే. కానీ తన మనుషుల్ని ఎరిగినవాడు చేసిన సాహసం.

పదిహేడో నిమిషంలో పి.కె. గోలు కొట్టాడు. మరో మూడు నిమిషాలకు జర్నైల్. 2-0. ఆట ఇంకో అయిదారు నిమిషాల్లో ముగుస్తుందనగా కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. అంతకుమించి దానికి దారి దొరకలేదు. 2-1. ఈలలు వేసిన స్టేడియంలోనే మన పతాకం పైకి లేచింది.

మరుసటి ఏడు, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్ళీ స్వర్ణం రాలేదు.

చెదిరిన ముంగిలి

రహీం పోయిన ఏడాది కూడా పోలీసు జట్టు రోవర్స్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం సాధించిన భారత జట్టు కెప్టెన్ హైదరాబాద్ బిడ్డ సయ్యద్ నయీముద్దీన్. 1977లో కలకత్తాలో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన మహ్మద్ హబీబ్ కూడా హైదరాబాదీయే. రహీం కుమారుడు ఎస్.ఎస్. హకీం 1960 ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, ఆ తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు. విత్తనం మంచిది కాబట్టి పంట చాలాకాలం పండింది.

కానీ కొత్త విత్తనం పడలేదు. ఆట వచ్చినవాడల్లా కలకత్తా పెద్ద క్లబ్బుల పిలుపు అందుకుని వెళ్ళిపోయాడు. హైదరాబాద్, ఆంధ్ర సంఘాలు 1959లో ఒకటయ్యాయి. అయితే సంఘంలో కుర్చీల కొట్లాటలు ముదిరి, ఊళ్ళో లీగును నడిపించే శ్రద్ధ సన్నగిల్లింది. పిల్లలు ఆడిన ఖాళీ స్థలాల్లో భవనాలు లేచాయి. బడి, లీగు, జట్టు అనే మూడింటినీ కలిపి పట్టుకున్న చెయ్యి పోయాక, ఆ మూడూ మూడు దిక్కులయ్యాయి.

తర్వాతి కాలంలో డబ్బుతో జట్టు వచ్చింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కూడా గెలిచింది. అభిమానులు సంబరపడ్డారు. 2025లో ఆ జట్టు యాజమాన్యం మారి, పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. సిటీ పోలీస్ జట్టును అలా ఎవరూ ఎత్తుకుపోలేకపోయేవారు. అది ఊరి బళ్ళలోంచి, బస్తీల్లోంచి, పోలీసు లైన్లలోంచి మొలిచింది. వేళ్ళు ఊళ్ళోనే ఉన్నాయి.

బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న వెళ్ళిపోయారు. 2024లో రహీం జీవితం మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాకే చాలామంది తెలుగువాళ్ళకు ఆయన పేరు తెలిసింది. మన ఊరి మనిషి గురించి బొంబాయి చెబితే గానీ మనకు తెలియకపోవడం బాధాకరం.

నెహ్రూ నగర్‌కు ఒక మాట

ఈ గాథను భిలాయి నెహ్రూ నగర్‌లో, సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా చదవాలని నా కోరిక. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్ళు ఎందరో పని వెతుక్కుంటూ అక్కడికి చేరారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, పక్కింట్లో బెంగాలీ, మలయాళం. అమ్ముగూడ తమిళ కుర్రవాడిని హైదరాబాద్ తన జట్టులో కలుపుకున్నట్టే, ఉక్కు నగరంలోని మైదానం కూడా అన్ని ఇళ్ళ పిల్లల్నీ కలపగలదు. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు సాయంత్రం ఆడే ఆట, పోలీసులు డ్యూటీ దిగి ఆడిన ఆట లాంటిదే.

క్లబ్బు పెట్టడానికి కోట్లు అక్కర్లేదని రహీం సాబ్ జీవితం రుజువు చేసింది. కావలసినవి నాలుగు: ఆక్రమణకు గురికాని ఒక మైదానం, ఏటేటా ఆగకుండా జరిగే ఒక చిన్న లీగు, ఆట వచ్చిన పేదపిల్లవాడికి జీవనాధారం చూపే ఒక సంస్థ, ఆ పిల్లవాడి బస్సు ఖర్చు కూడా తన బాధ్యతే అనుకునే ఒక పెద్దమనిషి. మొదటి మూడింటి కోసం ప్రభుత్వాలనూ కర్మాగారాలనూ కాలనీ సంఘాలనూ నిలదీయండి. నాలుగోది మాత్రం మీలో ఎవరో ఒకరు కావాలి. మీ కాలనీలో మిగిలిన మైదానాన్ని ఈ ఏడాదే లిఖితపూర్వకంగా ఆటలకు కేటాయింపజేసుకోండి. పిల్లలకు ఒక పోటీ పెట్టండి.